పట్టపగలు హెడ్‌లైట్లు

నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రిటైరై రెండేళ్ళయింది. మా నాన్నగారు దేవదానం మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఆయన రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. అంటే మా ఇంట్లో కొడుకు రిటైరై వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, తండ్రి కేరేజీ పట్టుకుని ఉద్యోగానికి వెళుతున్నారు. ఈ ఘనత కోనసీమలో ఇంకెవరికీ దక్కి ఉండదు. నాకు వీడ్కోలు సభ పెట్టలేదు. శాలువా కప్పలేదు. గోడగడియారం కూడా ఇవ్వలేదు.

నేను చేసిన ఉద్యోగం కారు రేసులు. ఇప్పుడు అమలాపురంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. నెలకి ఒకరిద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, "మావోణ్ణి రేసుల్లో పెడదామనుకుంటన్నామండీ, కాత్త దారి చెప్పండీ" అంటారు. మొన్నామధ్య రాజోలు నుంచి కెజియా అనే ఇంజనీరింగ్ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నోట్‌బుక్కు కూడా తెచ్చుకుంది. ఆ అమ్మాయికి నోటితో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. గెలిచిన కప్పుల గురించి రాయను. ఉన్నవి మూడు. ఒకదాంట్లో మా అమ్మ చెంచాలు పెట్టుకుంది. మిగతా రెండూ అటక మీద ఉన్నాయి.

ఏ రూటండీ?

ముందు ఈ వృత్తికి మన ప్రాంతంలో ఉన్న గౌరవం తెలుసుకోవాలి. నేను పేపర్లో పడిన కొత్తలో కొత్తపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికూతురి పెదనాన్నగారు పెద్దమనిషి. కాఫీ తాగి మర్యాదగా మొదలుపెట్టారు.

"అబ్బాయిగారు ఏం చేత్తారండీ?"

"రేసింగ్ డ్రైవరండీ," అంది మా అమ్మ.

"ఆయ్. డ్రైవరు. సొంత బండేనా అండీ?"

"లేదండీ, ఓనరుదండీ."

"ఏ రూటండీ?"

మా అమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. "రూటంటూ ఏం లేదండీ. అక్కడక్కడే తిరుగుతాడండీ," అంది.

ఆయన కప్పు కింద పెట్టేరు. "అక్కడక్కడే తిరిగితే ఎవరెక్కుతారండీ?"

"ఎవరూ ఎక్కరండీ. ఒక్కడేనండీ."

ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. కానీ మోటార్ రేసింగ్ అంటే ఏమిటో అంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను ఆరేళ్ళ ఉద్యోగంలో చూడలేదు. ఎవరూ ఎక్కని బండిని, ఎక్కడికీ వెళ్ళని రోడ్డు మీద, ప్రాణాలకి తెగించి తిప్పడమే ఆ పని.

మా చర్చిలో పాస్టరుగారు మాత్రం నన్ను మరిచిపోలేదు. ప్రతి రేసుకి ముందు ఆదివారం పేరుపెట్టి ప్రార్థన చేసేవారు. "ప్రభువా, మన తమ్ముడు సామ్యేలు కారును మిక్కిలి వేగముగా నడుపుచున్నాడు. అతనికి నెమ్మదిగా నడుపు బుద్ధిని దయచేయుము." సంఘమంతా ఆమేన్ అనేది. అంతమంది ఒక్క మాట మీద ఉండి అడిగితే దేవుడు మాత్రం ఏం చేస్తాడు? ఆ సీజన్లో నేను చాలాసార్లు ఐదో స్థానంలో వచ్చాను.

గట్టు మీద చదువు

నాకు డ్రైవింగ్ నేర్పింది మా అమ్మ తమ్ముడు ఏసుపాదం మావయ్య. పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేసి వచ్చారు. అక్కడ ఆరు వరసల రోడ్డు మీద నడిపిన మనిషి, తిరిగొచ్చాక ఒక పాత వ్యాను కొనుక్కుని మా కాలువ గట్టు మీద నడిపేవారు. మా ఊరు అయినవిల్లికి కాస్త లోపలగా ఉంటుంది. ఊళ్ళోంచి బయటపడాలంటే గట్టే దారి. ఒకవైపు కాలువ, ఇంకోవైపు వరిచేను, మధ్యలో ఒక బండి పట్టేంత రోడ్డు.

మూడు వారాలపాటు ఆయన నన్ను ముందు గేరు వెయ్యనివ్వలేదు. రివర్సే. "ముందుకెళ్ళడానికేముంది రా, ఎవడైనా ఎల్తాడు. ఎనక్కెళ్ళడం వత్తే గట్టు మీద బతుకుతావు," అనేవారు. ఎదురుగా బండి వస్తే వీలున్న చోటుదాకా ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలో ఆయనకి పక్కా లెక్కలుండేవి.

"ఎదటోడి బండిలో బరువుంటే నువ్వెళ్ళాలి. ఇద్దరికీ బరువుంటే వయసులో చిన్నోడెళ్ళాలి. వయసూ సమానమైతే తొందర లేనోడెళ్ళాలి. పట్టపగలు లైట్లేసుకుని వచ్చే బండికి మాత్రం ఈ లెక్కలేం లేవు. అందులో ఒక ప్రాణం ఉంటాది. ఎవరు, ఏంటి అని అడక్కూడదు. తప్పుకోడమే."

ఇది మా గట్టు మీద పసిపిల్లలకి కూడా తెలుసు. పగలు హెడ్‌లైట్లు వెలిగించుకుని వస్తున్నారంటే ఆసుపత్రి కేసు. పాము కాటో, కాన్పో, గుండెనొప్పో. ఎడ్లబండివాడు కూడా చేలోకి దిగిపోతాడు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి కొన్ని వందలసార్లు అలా తప్పుకుని ఉంటాను. అది ఆలోచించి చేసే పని కాదు. లైట్లు కనబడగానే చేతులు వాటంతట అవే ఎడమకి తిప్పేస్తాయి.

కోయంబత్తూరులో ఇంజనీరింగ్ చదువుతుండగా ఒక ఆదివారం స్నేహితులు కార్టింగ్ ట్రాక్‌కి తీసుకెళ్ళారు. రెండు పక్కలా నీళ్ళు లేని రోడ్డు నేను చూడడం అదే మొదటిసారి. తప్పు చేస్తే గడ్డిలోకి వెళతావంతే, బట్టలు కూడా తడవవు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు అందరికంటే తక్కువ టైము నాదే. ఒక టీమువాళ్ళు వచ్చి నా ఫోను నంబరు తీసుకున్నారు. ఇంట్లో లెక్కల మాస్టారికి ఆ సంగతి ఏడాదిన్నర తర్వాత చెప్పాను.

రొయ్య మొహంతో ఆరేళ్ళు

పిల్లలూ, రేసింగ్ డ్రైవరు ఎక్కువ సమయం కారు నడుపుతూ గడుపుతాడని అనుకోకండి. కారు నడపడం ఏడాదికి కొన్ని గంటలు. మిగతా కాలమంతా నవ్వుతూ నిలబడాలి. డబ్బు పెట్టేవాడి పక్కన, వాడి పెళ్ళాం పక్కన, వాడి పెళ్ళాం తమ్ముడి పక్కన. మా కారుకి మన కోస్తాలోని ఒక రొయ్యల మేత కంపెనీ డబ్బు పెట్టింది. బానెట్ నిండా ఎర్రటి రొయ్య బొమ్మ. జనం నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "రొయ్య ఎన్నో స్థానంలో ఉంది?" అనే అడిగేవారు. రొయ్య ప్రమాదం కనిపిస్తే వెనక్కి ఈదుతుందన్న సంగతి ఆ కంపెనీకి తెలియకుండా ఉండదు. మరి ఎందుకు ఎంచుకున్నారో.

మా టీము ఓనరుగారు గొప్ప ఆశయాలున్న మనిషి. ఆయనకి గేర్ల కారు నడపడం రాదు. అందువల్ల నాకు గేర్ల గురించి చాలా సలహాలిచ్చేవారు. రేసుకి ముందు కారు ఈశాన్యం వైపు తిరిగి ఉండాలి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలుండాలి. ఒకసారి టైరు మార్చేటప్పుడు నిమ్మరసం మీద జాకీ జారి మెకానిక్కు కాలి వేలు నలిగింది. "దిష్టి ఎంత బలంగా ఉందో చూశారా," అన్నారు ఓనరుగారు. నిమ్మకాయలు ఎనిమిది చేయించారు.

కారు లోపల ఎండాకాలం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. కొబ్బరికాయలు ఎండి కురిడీలయ్యేది అలాంటి వేడికే. ఒక రేసులో రెండు కేజీలు తగ్గేవాణ్ణి. మెడ కండరాలకి రోజూ కసరత్తు చెయ్యాలి. సెలవులకి ఇంటికొచ్చి నెత్తికి తాడు కట్టుకుని బరువులు లాగుతుంటే, మా పక్కింటి ఆవిడ మా అమ్మతో, "అబ్బాయికి పరీచ్చలు పోయేయా వదినా, అలా ఐపోయేడు," అంది.

ఈ ఉద్యోగంలో నాకు దొరికిన నిజమైన గురువు సెల్విగారు. మా టీములో డేటా ఇంజనీరు. కారు ఎక్కడ ఎంత బ్రేకు పడిందో, ఎంత తిరిగిందో అన్నీ కంప్యూటర్లో గీతలుగా చూసే పని ఆవిడది. తక్కువ మాటల మనిషి. మొదటి ఏడాది నేను ఒక మలుపులో గోడని గుద్దాను. టీము దగ్గరికి వచ్చి, "బ్రేకు పడలేదండీ," అన్నాను. మెకానిక్కులందరి ముందు అన్నాను. బ్రేకులు బిగించిన కుర్రాడి మొహం పాలిపోయింది. సెల్విగారు నన్ను పక్కకి పిలిచి గీత చూపించారు. బ్రేకు బ్రహ్మాండంగా పడింది. నేను తొక్కడమే ఆలస్యంగా తొక్కాను. "ఇది అందరికీ నేను చూపించనా, నువ్వు చెబుతావా?" అన్నారు. వెళ్ళి అందరి ముందూ చెప్పాను. ఆ రోజు పడినంత సిగ్గు నేను మళ్ళీ పడలేదు. ఈ వృత్తిలో కారు మీద నెపం పెట్టే డ్రైవరుని మెకానిక్కులు క్షమించరు. క్షమించకూడదు కూడా.

ఇంకో సంగతి కూడా ఆవిడే పట్టుకున్నారు. రేసులో నేను మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా టీముతో మాట్లాడే రేడియోలో టక్కున ఒక చప్పుడు వచ్చేదట. ప్రతి మలుపులోనూ, ప్రతి రౌండులోనూ. వైర్లు మార్చారు, రేడియో మార్చారు. ఓనరుగారు పంతుల్ని పిలిపించారు. చివరికి సెల్విగారు కెమెరాలో నా బొటనవేలు చూశారు. మామూలు కారులో హారన్ ఉండే చోట రేసు కారులో రేడియో బటన్ ఉంటుంది. గట్టు మీద ప్రతి మలుపులో హారన్ కొట్టే అలవాటు నాది. రేసులో కూడా, ఎదురుగా ఎవరూ రారని తెలిసీ, కొడుతూనే ఉన్నాను. "పోనీలే, ఎవరికీ నష్టం లేదు," అన్నారు సెల్విగారు. ఆవిడ పొరపాటుపడింది ఆ ఒక్కసారే.

రెండు రౌండ్లు మిగిలి ఉండగా

నా ఆరో ఏడాది ఆఖరి రేసు. అందులో ముందొచ్చినవాడికి మలేషియాలో ఏడాదిపాటు నడిపే సీటు ఖాయం. రెండోవాడికి చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. నాకప్పుడు ఇరవై ఆరు. ఈ ఉద్యోగంలో అది ముసలితనమే. ఈ సీటు రాకపోతే ఇంకో సీటు రాదని నాకూ తెలుసు, నాన్నగారికీ తెలుసు. ఆయన మొదటిసారి సెలవు పెట్టి, మావయ్యనీ అమ్మనీ తీసుకుని రేసు చూడటానికి వచ్చేరు.

నేను ముందున్నాను. నా వెనక రిత్విక్ అనే కుర్రాడు. పెద్ద నగరంలో పెద్ద వ్యాపారుల అబ్బాయి. మంచి డ్రైవరే, కాకపోతే ఎదుటివాడి గుండె అదరగొట్టి దాటడం అతని పద్ధతి. రెండు రౌండ్లు మిగిలాయి. మిట్టమధ్యాహ్నం. పొడుగాటి రోడ్డు మీదికి వచ్చాను. అద్దంలో అతని హెడ్‌లైట్లు వెలిగాయి. ఆరి, మళ్ళీ వెలిగాయి.

నేను ఎడమకి తప్పుకున్నాను.

తప్పుకోవడమే కాదు, ఎడమ ఇండికేటర్ వేశాను. కిటికీ వల వెనకనుంచి కుడిచెయ్యి ఊపి, వెళ్ళండి వెళ్ళండి అని సైగ చేశాను. అతను నన్ను దాటుతుంటే వంగి ఆ కారు వెనక సీట్లోకి చూశాను, ఎవరికి బాగోలేదోనని. రేసు కారుకి వెనక సీటు ఉండదు. ఖాళీగా ఇనప గొట్టాలు కనిపించాయి. అప్పుడు నాకు నేనెక్కడున్నానో గుర్తొచ్చింది. మిగిలిన రెండు రౌండ్లలో నేను ఏం చేసినా అతను దొరకలేదు.

కారు దిగగానే ఓనరుగారు హెల్మెట్ కూడా తియ్యనివ్వకుండా, "ఎంతకి అమ్ముకున్నావ్?" అన్నారు. నిర్వాహకులు కూడా అదే అనుకున్నారు. ముగ్గురు పెద్దమనుషులు ఏసీ గదిలో కూర్చుని నన్ను విచారించారు. ఎందుకు దారిచ్చావని అడిగితే, "లైట్లు వేశాడండీ," అన్నాను. అర్థం కాలేదన్నారు. మా గట్టు గురించి, పాము కాటు గురించి, కాన్పుల గురించి చెప్పాను. నేను చెబుతున్న కొద్దీ అది పచ్చి అబద్ధంలా వినిపించడం నాకే తెలుస్తోంది.

సెల్విగారు తలుపు తట్టి లోపలికొచ్చారు. ఏడాది పొడుగునా రేడియోలో రికార్డయిన నా హారన్ చప్పుళ్ళన్నీ వినిపించారు. "ఇతను రేసు అమ్మే రకం కాదు సార్. ఎదురుగా గోడ తప్ప ఇంకేమీ లేని మలుపులో కూడా హారన్ కొట్టే మనిషి," అన్నారు. పెద్దమనుషులు నేను చెయ్యి ఊపే వీడియో మూడుసార్లు చూశారు. మొదటి రెండుసార్లు విచారణ కోసం. మూడోసారి సరదాకి.

నేను నిర్దోషినని తేలింది. దోషినైనా బాగుండేది, అప్పుడు కాస్త భయమైనా ఉండేది జనానికి. ఆ సాయంత్రానికే నాకు 'అంబులెన్స్' అని పేరు పెట్టేశారు. మలేషియా సీటు పోయింది. పాత సీటు ఓనరుగారి బావమరిది కొడుక్కి వెళ్ళింది. ఇంకో నాలుగు టీములకి ఫోన్ చేశాను. ఒకాయన నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేశాడు.

మావయ్య అడిగిన మాట

తిరుగు రైల్లో, రాజమండ్రి ఇంకా గంట ఉందనగా మావయ్య నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"ఇంతకీ ఆ ఎనకాల బండిలో ఎవరికి బాగోలేదంట్రా?" అనడిగేరు.

"అందరూ బాగానే ఉన్నారు మావయ్యా."

"మరి లైట్లెందుకేసేడు?"

"నన్ను బెదిరించడానికి. అక్కడ అంతే."

ఆయన "ఛీ," అన్నారు. "లైట్లతో అబద్ధమాడతారా ఎవరైనా?"

నాకు కోపం నషాళానికి అంటింది. ఆరేళ్ళు నెత్తికి తాడు కట్టుకుని బరువులు లాగినవాణ్ణి. రొయ్య పక్కన నవ్వుతూ నిలబడ్డవాణ్ణి. అన్నీ ఒక్క క్షణంలో పోగొట్టుకున్నది ఈయన నేర్పిన చదువు వల్ల. "నీ గట్టు చదువే నన్ను ముంచింది. ఇంకోడి దగ్గర నేర్చుకునుంటే ఈపాటికి విమానం ఎక్కేవాణ్ణి," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఆయన లేచి వెళ్ళి మా అమ్మ పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంటికి రాలేదు. చర్చి దగ్గర కనిపిస్తే, "బాగున్నావా రా?" అని వెళ్ళిపోయేవారు. నేను క్షమించమని అడగలేదు. అడగాలని ప్రతి ఆదివారం అనుకుని, ప్రతి ఆదివారం వాయిదా వేశాను. రేసుల్లో నేర్చుకున్న వేగం అలాంటి పనులకి అక్కరకి రాలేదు.

డ్రైవింగ్ స్కూలు పెట్టాను. పాత కారొకటి కొని, ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' బోర్డు తగిలించాను. ఒకప్పుడు రొయ్య ఉన్న చోట ఇప్పుడు ఎల్.

ఆఖరి రేసు

పోయిన వర్షాకాలం, ఒక ఉదయం పదింటికి మరియమ్మత్తయ్య ఫోన్ చేసింది. మావయ్యకి గుండెల్లో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. అంబులెన్సుకి చెప్పారు గాని, అది వచ్చేదాకా ఆగే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. స్కూలు కారు వాకిట్లోనే ఉంది. వెనక సీట్లో అత్తయ్య ఒళ్ళో తలపెట్టి ఆయన్ని పడుకోబెట్టాం. నేను హెడ్‌లైట్లు వెలిగించాను.

అప్పుడు చూశాను ఆ గట్టుని. కొబ్బరికాయల ట్రాక్టరు మమ్మల్ని దూరాన్నే చూసి, లోడుతో ఉండి కూడా, లాకుల దాకా వెనక్కి వెళ్ళింది. స్కూలు బస్సు చేను వార ఆగిపోయింది. బాతులు తోలుకెళ్ళే అతను మంద మొత్తాన్ని కాలువలోకి దింపేశాడు. ఎల్ బోర్డు కారు అంత వేగంగా రావడం చూసి కొందరు ప్రాణభయంతో కూడా తప్పుకుని ఉంటారు, అది వేరే సంగతి. ఎవరూ మమ్మల్ని ఏమిటని అడగలేదు. జీవితంలో నాకు అంత ఖాళీ ట్రాక్ ఎవరూ ఇవ్వలేదు.

"గేరు... మార్చు," అన్నారు మావయ్య వెనకనుంచి. అంత నొప్పిలోనూ.

అమలాపురం ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ముందు ఒక ఆటో కనిపించింది. మెల్లగా, గుంతలు తప్పించుకుంటూ వెళుతోంది. ఆటోవాడు అద్దంలో నా లైట్లు చూశాడు. వెంటనే ఎడమకి, కాలువ వైపుకి తిప్పాడు. మూడు రోజులుగా వాన. గట్టు అంచు బురదబురదగా ఉంది. ఎడమ చక్రం దిగబడింది. ఆటో కాలువ మీదికి ఒరిగింది. లోపల ఒక ముసలావిడ ఒళ్ళో తలపెట్టుకుని నిండు గర్భిణి పడుకుని ఉంది. అప్పుడు చూశాను, ఆటో ముందు బురద మీద సన్నటి పసుపు వెలుగు. ఆటో లైటు కూడా వెలుగుతూనే ఉంది.

వాడి లోపలా ప్రాణం ఉంది. రెండు ప్రాణాలు. అయినా నా లైట్లు చూసి తప్పుకుంటున్నాడు.

కుడివైపు నా కారు పట్టీపట్టనంత సందు వచ్చింది. ఆరేళ్ళపాటు నాకు నేర్పిందల్లా అదే. సందు కనిపిస్తే దూరిపో, ఆలోచిస్తే పోయినట్టే. వెనక సీట్లో మావయ్య ఊపిరి శబ్దం వినిపిస్తోంది. నేను దూరాలంటే ఆటో ఇంకా ఎడమకి జరగాలి. జరిగితే కాలువలో పడుతుంది.

నేను నా హెడ్‌లైట్లు ఆర్పేశాను.

అద్దంలో అది చూసి ఆటోవాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నెమ్మదిగా చక్రాన్ని పైకి లాగి, రోడ్డు మధ్యకి వచ్చి, ముందుకి కదిలాడు.

"లైట్లార్పేసేవేంట్రా! ఏసుకో రా, ఈయన సచ్చిపోతన్నారు రా!" అని అరిచింది అత్తయ్య.

"ముందు ఆటోలో కాన్పు కేసు అత్తయ్యా. నాకోసం తప్పుకుంటే కాలవలో పడిపోతారు."

కాసేపటికి వెనకనుంచి, చాలా చిన్నగా, మావయ్య గొంతు వినిపించింది. "ఆయ్."

ఆ ఆరు కిలోమీటర్లు నేను ఆటో వెనకాలే వెళ్ళాను. నేను నడిపిన అన్ని రేసులూ కలిపినా అంత పొడుగు లేవు.  నేను ఏడుస్తూనే ఉన్నాను. మలుపు వచ్చినప్పుడల్లా హారన్ మాత్రం కొట్టాను.

ఆసుపత్రికి ఆటో ముందు చేరింది. వెనకాలే మేము. మావయ్యకి అక్కడ మందు ఎక్కించి కాకినాడ పంపించారు. బతికేరు. కానీ గుండెలో కొంత భాగం పనిచెయ్యడం లేదని, ఇక జన్మలో స్టీరింగ్ పట్టుకోవద్దని చెప్పారు. మేము ఆటో వెనక వెళ్ళిన ఆ సమయం దానికి కారణమా అని నేను డాక్టరుగారిని అడగలేదు. అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

నాలుగో రోజు ఆయన మాట్లాడే స్థితికి వచ్చేరు. నేను మంచం పక్కన కూర్చుని, "ఆ రోజు రైల్లో అన్న మాటకి..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టేరు.

"ఎన్నో స్థానంలో వచ్చేం రా?"

"రెండండీ."

"ఫస్టు ఎవరు?"

"ఆడపిల్లండీ. రెండున్నర కేజీలంట."

ఆయన నవ్వడానికి ప్రయత్నించేరు. నర్సు నన్ను బయటికి పంపేసింది.

ఇప్పుడు మావయ్య రోజూ మా స్కూలుకి వస్తారు. నడపరు, పక్క సీట్లో కూర్చుంటారు. చేరినవాళ్ళకి మొదటి మూడు వారాలు రివర్స్ గేరే. కెజియా ఇప్పుడు రెండో వారంలో ఉంది. చాలా విసుక్కుంటోంది. "నేను రేసింగ్‌కి కదండీ వచ్చేను," అంటోంది. నిన్న గట్టు మీద ఎదురుగా ఒక బండి లైట్లు వేసుకుని వచ్చింది. మావయ్య చెప్పేలోపే ఆ అమ్మాయి సర్రున వెనక్కి వెళ్ళి చేను వార ఆపేసింది. కారు దిగాక మావయ్య నాతో, "పిల్ల బాగా నేర్చుకుంటంది రా," అన్నారు.

అందుకని తల్లిదండ్రులకి ముందే చెబుతున్నాను. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు రేసుల్లో గెలవరు. గ్యారంటీ.